యూనివర్సిటీ స్టార్టప్ పోటీకి చెరువు అలారం ఐడియాతో వెళ్తున్నాం, జ్యూరీ ఏం అడుగుతుంది?

గునుపూడి కుర్రోడు
అందరికీ నమస్తే అండీ. మాది భీమవరం, ఈసీఈ థర్డ్ ఇయర్. మా యూనివర్సిటీ వాళ్లు బిజినెస్ ప్లాన్ పోటీ పెట్టారు. ముందు పది పేజీల ప్లాన్ పంపాలి, అది నచ్చితే స్టేజి మీద ఐదు నిమిషాల పిచ్ (ఐడియా చెప్పి ఒప్పించే మాట), ఆ తర్వాత ఇంకో ఐదు నిమిషాలు జ్యూరీ ప్రశ్నలు. మేం నలుగురం. ఐడియా ఏంటంటే, రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) ఆగిపోతే వెంటనే రైతుకి ఫోన్ కాల్ వెళ్లే బాక్స్. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. మా వైపు ఇలాంటి కథ వినని ఇల్లు ఉండదు. బ్రెడ్‌బోర్డు (సర్క్యూట్ పరీక్షించే బోర్డు) మీద బాక్స్ పనిచేస్తోంది కానీ ప్లాన్ రాయడానికి కూర్చుంటే బుర్ర ఆగిపోతోంది. మార్కెట్ సైజు దగ్గర "2023-24లో మన దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు 60,523 కోట్లు, అందులో 1 శాతం పట్టుకున్నా 600 కోట్లు" అని రాశాం. మా సీనియర్ చూసి నవ్వాడు, ఎందుకో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇలాంటి పోటీలకు వెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. ఇంకో టెన్షన్, మా టీమ్‌లో ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు.

ఎక్సెల్ ఏకాంబరం
సీనియర్ ఎందుకు నవ్వాడో నేను చెప్తా బ్రో. ఆ 60 వేల కోట్లు అమెరికా వాడు, చైనా వాడు రొయ్యలకీ చేపలకీ కట్టిన డబ్బు. అందులో మీ బాక్స్‌కి పైసా లేదు. "1 శాతం పట్టుకున్నా" అన్న ముక్క ప్రతి రెండో ప్లాన్‌లో ఉంటుంది, అది కనపడగానే జడ్జి పేజీ తిప్పేస్తాడు. కింద నుంచి లెక్క కట్టు. మీ మండలంలో చెరువులెన్ని, ఒక చెరువుకి ఏరియేటర్లెన్ని, వాటిని ఆన్ చేసే స్టార్టర్ బాక్సులు అన్నీ కలిపి ఎన్ని (మీరు అమ్మేది స్టార్టర్‌కి ఒకటి చొప్పునే కదా), ఒక్కోటి ఎంతకి అమ్ముతారు, ఏటా మళ్లీ ఏమైనా వస్తుందా. మొత్తం కలిపితే మూడు కోట్లే వచ్చిందనుకో, సిగ్గుపడకుండా మూడు కోట్లే రాయి. ఆ పక్కనే రెండో మండలానికి ఎలా వెళ్తారో ఒక లైను. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఆఫీసు పేరో, నువ్వు తిరిగిన ఊరి పేరో చెప్పగలగాలి, అంతే.

చేదు కాకరకాయ
నా మాట చేదుగా ఉంటుంది కానీ వినండి. ఈ పోటీలన్నీ టైమ్ వేస్ట్. పోటీల బ్యాచ్ అని ఒకటి ఉంటుంది, ఒకే ఐడియా పట్టుకుని కాలేజీ కాలేజీకి తిరుగుతారు, ప్రైజులు కొడతారు, లింక్డిన్‌లో పెద్ద చెక్కు పట్టుకున్న ఫోటో పెడతారు. ఆ తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఐటీ కంపెనీలో చేరిపోతారు. ఆ ప్రొడక్టు ఒక్కడికీ అమ్మి ఉండరు. నిజంగా అమ్మాలనుకుంటే పది పేజీలు రాసే టైమ్‌లో పది చెరువుల దగ్గర బాక్సులు బిగించుకో తమ్ముడూ.

ఓరుగల్లు అక్క
కాకరకాయ గారూ, సగం ఒప్పుకుంటా. నేను కొత్త కంపెనీలకి సాయం చేసే ఒక ఇంక్యుబేటర్‌లో పనిచేశాను, ఇలాంటి ప్లాన్‌లు కట్టలు కట్టలుగా చదివిన. మీరన్న బ్యాచ్ నిజమే, రెండో నిమిషంలో తెలిసిపోతారు. కానీ ఓడిపోతే వేస్ట్, గెలిస్తే గొప్ప అన్న లెక్క కూడా తప్పే. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో ఇలాంటి పోటీ 1990లో 10 వేల డాలర్ల ప్రైజ్‌తో మొదలైంది. 1998లో అది 50 వేల డాలర్ల పోటీ. ఆ ఏడాది ఫైనల్‌కి వచ్చి గెలవకుండా వెళ్లిన జట్టే తర్వాత అకామై అయింది. ఇవాళ మనం చూసే వెబ్‌సైట్లలో చాలా వాటి వెనక వాళ్ల సర్వర్లే ఉంటాయి. ఆ పోటీ వాళ్లకి ఒక గడువు పెట్టింది, కుదురుగా కూర్చుని రాయించింది. అంతవరకూ లాభమే కదా.

తమ్ముడూ, నీకు మాత్రం ఒకటి చెప్తా. ప్లాన్ చదివేవాళ్ల ముందు మస్తు ఫైళ్లు ఉంటాయి, మొదటి పేజీలోనే ఎవరికి, ఏం నష్టం, మీరేం చేస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది తేలిపోవాలి. "భారతదేశం వ్యవసాయ దేశం" అని మొదలుపెట్టకు, దండం పెడతా. ఇంకోటి, పోటీదారుల పేజీలో "మాకు పోటీ లేదు" అని రాశారా? రాసి ఉంటే ఇప్పుడే తీసెయ్. విజయవాడలోనే ఏరువాక టెక్నాలజీస్ అని ఉంది, 2012 నుంచి చెరువుల్లో సెన్సర్లు, మేత వేసే మెషిన్ల మీద పనిచేస్తున్నారు. జ్యూరీలో ఆక్వా తెలిసినాయన ఒక్కడున్నా మొదటి ప్రశ్న అదే.

గునుపూడి కుర్రోడు
అక్కా, "మాకు పోటీ లేదు" అని బోల్డ్‌లో రాశాం 😭 తీసేస్తున్నా.

కాళ్ళ రాజుగారు
బాబూ, నేను స్టార్టప్ మనిషిని కాదు, చెరువులు చేస్తాను. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను. నీ బాక్స్ కరెంటు పోతే ఫోన్ చేస్తుంది, బాగుంది. ఫోన్‌తో నడిచే స్టార్టర్లు మాకు ఇప్పటికే వచ్చాయి, కరెంటు వస్తే మోటారు ఆన్ అవుతుంది, పోతే మెసేజ్ వస్తుంది. మరి నీది ఎందుకు కొనాలి? అసలు బాధ వేరే ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతుంది, లైటు వెలుగుతూనే ఉంటుంది, కాపలా కుర్రాడు అన్నీ బాగున్నాయనుకుంటాడు, మోటారు మాత్రం గుర్రుమంటూ కాలిపోతుంది. లేదా ఆరింటిలో ఒకటే ఆగుతుంది, చీకట్లో మిగతా వాటి చప్పుడులో తెలియదు. ఇంకో మాట. మబ్బు పట్టిన రోజుల్లో ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నా డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది. అప్పుడు నీ బాక్స్ "అంతా బాగుంది" అని ఊరుకుంటే నేను దాన్ని చెరువులోనే పారేస్తాను.

గునుపూడి కుర్రోడు
రాజుగారూ చాలా థాంక్స్ అండీ. ఫేజ్ పోయినా, ఒక్క మోటారే ఆగినా మా బాక్స్ పట్టుకుంటుంది, ఎందుకంటే మేం చూసేది కరెంటు ఉందా లేదా అని కాదు, ఒక్కో మోటారు వైరు చుట్టూ కరెంటు కొలిచే చిన్న సీటీ కాయిల్ తగిలించి ఎన్ని ఆంప్స్ లాగుతోందో చూస్తాం. ఆంప్స్ తగ్గినా పెరిగినా కాల్ వెళ్తుంది. డీఓ మాత్రం చూడట్లేదు. సెన్సర్ ఖరీదు ఎక్కువ, పైగా చెరువు నీళ్లలో వారం తిరక్కుండా దాని మీద నాచు పడుతుంది, తుడవాలి, క్యాలిబ్రేషన్ చేయాలి, అదంతా ఎవరు చేస్తారని వదిలేశాం.

ఎక్సెల్ ఏకాంబరం
ఇప్పుడు చెప్పిన ఈ నాలుగు లైన్లు నీ ప్లాన్‌లో ఉన్నాయా?

గునుపూడి కుర్రోడు
లేవు అన్నా. ప్లాన్‌లో "అత్యాధునిక ఐఓటీ, ఏఐ ఆధారిత పరిష్కారం" అని ఉంది.

ఎక్సెల్ ఏకాంబరం
ఏఐ తీసెయ్యి, కాయిల్ పెట్టు. రాజుగారు మోటారు గుర్రుమంటుంది అన్నారే, దాన్ని కూడా యథాతథంగా పెట్టు. డీఓ ఎందుకు చూడట్లేదో నువ్వే ముందు చెప్పెయ్, వాళ్లు అడిగాక చెప్తే సంజాయిషీలా ఉంటుంది.

పప్పుచారు ఇన్ హ్యూస్టన్
నేను ఇక్కడ రైస్ యూనివర్సిటీ బిజినెస్ ప్లాన్ పోటీకి వాలంటీర్‌గా వెళ్లాను. 2001 నుంచి నడుస్తోంది, 42 జట్లు వస్తాయి, జట్టులో మాస్టర్సో ఎంబీఏనో పీహెచ్‌డీయో చదివే స్టూడెంట్ ఉండాలి. అక్కడ అసలు పోటీకి ముందు 60 సెకన్ల పిచ్ ఉంటుంది. 60 సెకన్లు ఎంత తక్కువో అక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది, కొందరు తమ పేర్లు, కాలేజీ పేర్లు చెప్పేసరికే సగం అయిపోతుంది. మీరు ఐదు నిమిషాలది తయారుచేసే ముందు 60 సెకన్లది చేయండి, దాంట్లో మిగిలిన మాటలే అసలు మాటలు.

ఇంకోటి, నిబంధనలు చివరి దాకా చదవండి. రైస్‌లో పెద్ద ప్రైజుల్లో చాలావరకు పెట్టుబడి రూపంలో వస్తాయి, అంటే డబ్బు ఇచ్చి కంపెనీలో వాటా తీసుకుంటారు. "మొదటి బహుమతి ఇంత" అని పోస్టర్ మీద ఉంటే అది ఉత్తి బహుమతా, వాటా అడుగుతారా, లేక సగం క్లౌడ్ క్రెడిట్లేనా అని ముందే అడగాలి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఇక్కడికి వచ్చిన మన పిల్లలు పోటీలో పాల్గొనడానికి ఇబ్బంది లేదు, కానీ గెలిచాక సొంత కంపెనీలో పనిచేయాలంటే ఓపీటీ లాంటి వర్క్ ఆథరైజేషన్ (పనిచేసే అనుమతి) కావాలి, వాటా ఉండటం వేరు, పనిచేయడం వేరు. అది తెలియక చివర్లో కంగారుపడేవాళ్లు ఉంటారు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే కనుక్కోవాలి.

మౌన పాఠకుడు
చాలాకాలంగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. ఐడియా స్టేజి మీద చెప్పేస్తే ఎవరైనా కాపీ కొట్టరా? జడ్జిలతో ముందే ఎన్‌డీఏ (బయట చెప్పం అన్న ఒప్పందం) సంతకం పెట్టించుకోవచ్చా?

ఓరుగల్లు అక్క
జడ్జిలు ఎన్‌డీఏ మీద సంతకం పెట్టరు, అడిగితే నవ్వుతారు. రోజుకి ఇరవై ఐడియాలు వినేవాళ్లు ప్రతిదానికీ సంతకం పెడితే కోర్టుల చుట్టూ తిరగాల్సిందే. కానీ నిజంగా కొత్తదనం ఉన్న భాగం ఉంటే స్టేజి ఎక్కే ముందే ప్రొవిజనల్ పేటెంట్ (తొలి దరఖాస్తు) వేసుకోవాలి. పబ్లిక్‌గా చెప్పేసినాక వేస్తే "ఇది ముందే బయటికి వచ్చింది" అని కొత్తదనమే పోతుంది. ప్రొవిజనల్ వేసిన 12 నెలల్లోపు పూర్తి వివరాలతో కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. విద్యార్థులు సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600. కాలేజీ ల్యాబ్ వాడి చేస్తే హక్కు ఎవరిదో కాలేజీ ఐపీ పాలసీ (పేటెంట్ హక్కుల నిబంధనలు) చూసుకోండి, అక్కడ చాలామంది ఇరుక్కుంటారు. మన తమ్ముడి బాక్స్‌లో పేటెంట్ అయ్యేంత కొత్త ఏమీ లేదు అనుకుంటున్నా, ఏమనుకోకు తమ్ముడూ. నీ బలం వేరే ఉంది, చెరువు గట్టు మీద మనుషులు తెలిసి ఉండటం.

గునుపూడి కుర్రోడు
అప్‌డేట్. ఈ మధ్య కాలేజీ అయ్యాక ఆకివీడు వైపు చెరువులు తిరిగాం. రైతులందరూ బాగుంది అన్నారు, ఎంతకిస్తే కొంటారు అంటే మాత్రం "చూద్దాం" అన్నారు. ఒకాయన టీ ఇప్పించి మరీ "చూద్దాం" అన్నారు. అసలు విషయం వేరేచోట దొరికింది. మేత డీలర్ దగ్గరికి వెళ్లాం. ఆయన షాపులో గోడకి అరువు ఖాతాల పుస్తకాలు వరుసగా ఉన్నాయి. సీజన్ మొదట్లో రైతుకి మేత అరువు ఇస్తాడు, పట్టుబడి అయ్యాక (రొయ్యలు పట్టి అమ్మాక) డబ్బు వస్తుంది. చెరువు పోతే రైతుతో పాటు ఆయన డబ్బూ పోతుంది. "ఒక్క చెరువు పోతే నాకు ఆ ఏడాది లాభం పోయినట్టే, నీ బాక్సులు నేను కొని మా రైతులకి ఇస్తాను, ముందు రెండు పెట్టి చూపించు" అన్నాడు. అంటే మా కస్టమర్ రైతు కాదు, డీలరా? ప్లాన్ మొత్తం మార్చాలా? గడువు దగ్గరపడుతోంది.

చేదు కాకరకాయ
ఇదిగో, ఇది విన్నాక నా చేదు కాస్త తగ్గింది. మార్చు. రాత్రంతా కూర్చునైనా మార్చు.

కాళ్ళ రాజుగారు
ఆగు బాబూ, తొందరపడకు. డీలర్ పెట్టిన బాక్స్ నా చెరువు మీద ఉంటే, నా ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరుగుతున్నాయో ఆయనకి తెలుస్తుంది. దాన్ని బట్టి చెరువులో సరుకు ఎంత ఉందో, రొయ్యలు ఎప్పుడు పడతానో అంచనా కడతాడు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) చూసి, రేటు చూసి ఎవరికి అమ్మాలో నేను తేల్చుకుంటాను, అది ఆయనకి ముందే తెలియడం నాకిష్టం లేదు. మా దగ్గర డీలరే కొన్నిచోట్ల సరుకు కొనేవాడు కూడా. ఊరికే ఇచ్చినా నేను పెట్టించుకోను, చాలామంది నాలాగే అంటారు.

ఎక్సెల్ ఏకాంబరం
రాజుగారూ మీరు జ్యూరీలో కూర్చోవాల్సిన మనిషి సార్.

బ్రో, ఇదే నీ ప్లాన్‌లో గట్టి భాగం అవుతుంది. డబ్బు కట్టేది డీలర్, వాడేది రైతు, ఇద్దరికీ కావాల్సింది ఒకటి కాదు. కాబట్టి కాల్, లెక్కలు అన్నీ రైతు ఫోన్‌కే వెళ్లాలి, డీలర్‌కి ఏమీ వెళ్లకూడదు. డీలర్ ఇన్ని బస్తాల మేత కొన్న రైతుకి బాక్స్ ఇస్తాడు, మేత కంపెనీలు ఇచ్చే స్కీముల్లో అదీ ఒకటి. ఆయనకి లాభం, చెరువు బతకడం, రైతు వేరే షాపుకి పోకపోవడం. ఈ మాట ప్లాన్‌లో రాసి, "డేటా డీలర్‌కి ఇవ్వం" అని ఒక లైను పెట్టు. జడ్జి "మరి డీలర్ డేటా అడిగితే?" అంటాడు, అక్కడ జవాబు రెడీగా ఉండాలి.

గునుపూడి కుర్రోడు
అడిగితే ఏం చెప్పాలి అన్నా? ఆయన ఎక్కువ డబ్బిస్తా అంటే?

ఎక్సెల్ ఏకాంబరం
రైతు బాక్స్ పీకేస్తే డీలర్ డబ్బూ వృథా, అది చెప్పు చాలు. రాజుగారి మాటే, పేరు లేకుండా.

తిరుపతి ఎంబీఏ
ఇక్కడ జనం ఇంకా కంపెనీ రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడలేదు. కొందరు పోటీలో బరువు పెరుగుతుందని ముందే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేస్తారు. మీ పోటీ నిబంధనల్లో అవసరం అని లేకపోతే పెట్టొద్దు. అమ్మకం రూపాయి లేకపోయినా ఆడిట్, ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫైలింగులు ఏటా తప్పవు, సీఏ ఫీజు మీ పాకెట్ మనీలోంచే. పైగా స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో (2021లో వచ్చింది, ప్రోటోటైప్ దశకి 20 లక్షల వరకు గ్రాంటు) అప్లై చేసేనాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదన్న నిబంధన పెట్టారు. థర్డ్ ఇయర్‌లో సరదాకి పెట్టేస్తే, మీరు సీరియస్‌గా మొదలుపెట్టేసరికి అలాంటి గడువు అయిపోతుంది. మీది హార్డ్‌వేర్ కాబట్టి నిధి ప్రయాస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కీము చూడండి, కంపెనీ లేకుండా వ్యక్తిగా కూడా అప్లై చేయొచ్చు, ప్రోటోటైప్‌కి 10 లక్షల వరకు ఇస్తారు. హైదరాబాద్‌లో టీ-వర్క్స్ ఉంది, బాక్సులు, బోర్డులు అక్కడ చేయించుకోవచ్చు. మీకు దగ్గర కావాలంటే మంగళగిరిలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, రాజమండ్రి, విజయవాడల్లో కూడా దాని కేంద్రాలున్నాయి, వెళ్లి అడగండి.

నలుగురి వాటాలు కూడా ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. తలా 25 అని ఊరికే అనేసుకోవద్దు. స్లైడ్లు చేసినవాడు ఫైనల్ ఇయర్‌లో గేట్ కోచింగ్‌కి వెళ్లిపోతే వాడి పాతిక శాతం ఏమవుతుంది? ఈ ప్రశ్న జ్యూరీ కూడా అడుగుతుంది, "చదువయ్యాక మీలో ఎంతమంది దీంట్లోనే ఉంటారు?" అని. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారంటే అయిపోయినట్టే.

గునుపూడి కుర్రోడు
ఇప్పుడే అడిగా, మొహాలే చూసుకున్నాం 😅 ఇద్దరం ఉంటాం అన్నాం, ఒకడు ఇంట్లో అడగాలి అన్నాడు, ఒకమ్మాయి ఎంఎస్‌కి వెళ్తానని ముందే చెప్పింది. అలాగే చెప్పేస్తాం.

ఇంగ్లిష్ సంగతి ఎవరూ చెప్పలేదు అండీ.

ఓరుగల్లు అక్క
ఆర్గనైజర్లని అడుగు, తెలుగులో పిచ్ చేయొచ్చా అని. చాలాచోట్ల జ్యూరీలో సగం మంది మనవాళ్లే, ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే స్లైడ్లు ఇంగ్లిష్‌లో, పిచ్ చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. బట్టీ పట్టకు, మధ్యలో ఒక ముక్క మర్చిపోతే మొత్తం పోతుంది. ప్రశ్నల టైమ్‌లో మాట దొరక్కపోతే తెలుగులో చెప్పెయ్, తప్పేం లేదు. ఒకసారి ఒక అమ్మాయి వచ్చీరాని ఇంగ్లిష్‌తో మొదలుపెట్టి, ప్రశ్నలు వచ్చేసరికి పూర్తిగా తెలుగులోకి వచ్చేసింది, ఖర్చుల లెక్క మాత్రం నోటికి ఉంది, పైసలతో సహా. మార్కులు ఆ లెక్కకే పడ్డాయి. నలుగురూ తలా ఒక స్లైడ్ చెప్పే పద్ధతి కూడా వద్దు, మైకు చేతులు మారడానికే అర నిమిషం పోతుంది. ఒకరు చెప్పండి, ప్రశ్నలకి ఎవరి సబ్జెక్టు వాళ్లు.

పప్పుచారు ఇన్ హ్యూస్టన్
దీనికి ప్లస్ వన్. ఇంకా, జడ్జి ప్రశ్న సగంలో ఉండగా జవాబు మొదలుపెట్టకండి. మనవాళ్లకి అదొక అలవాటు, వైవాల వల్ల వచ్చిందనుకుంటా.

గునుపూడి కుర్రోడు
సరే, 60 సెకన్లది రాశా, చూసి తిట్టండి:

"రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఒక ఏరియేటర్ ఆగితే చీకట్లో ఎవరికీ తెలియదు. ఒక ఫేజ్ పోతే లైటు వెలుగుతూనే ఉంటుంది, మోటారు కాలిపోతుంది. మా బాక్స్ ప్రతి మోటారు లాగే కరెంటుని చూస్తూ ఉంటుంది, తేడా వస్తే రైతుకీ కాపలా మనిషికీ కాల్ చేస్తుంది, ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. ఆక్సిజన్‌ని మేం కొలవం, ఆ పరికరాలు వేరే ఉన్నాయి, ఖరీదెక్కువ. మాది చిన్న రైతు కోసం. డబ్బు కట్టేది మేత డీలర్, ఎందుకంటే చెరువు పోతే ఆయన అరువూ పోతుంది. సమాచారం మాత్రం రైతుదే. ఆకివీడులో ఒక డీలర్ రెండు బాక్సులు పెట్టి చూపించమన్నారు. ఈ సీజన్‌లో ఇరవై చెరువుల మీద పెట్టి చూడటానికి మీ సాయం కావాలి."

ఎక్సెల్ ఏకాంబరం
బాగుంది రా. "మీ సాయం కావాలి" దగ్గర ఎంత డబ్బు, దేనికి అన్నది చెప్పు. ఇరవై బాక్సుల సామాను ఖర్చు, తిరగడానికి పెట్రోలు, అంతే. దాంట్లో జీతాలు పెట్టకు.

చేదు కాకరకాయ
డెమో స్టేజి మీద చేస్తారా? కాల్ చేయడానికి జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ వేసే చిప్) ఏది వాడారు?

గునుపూడి కుర్రోడు
సిమ్800 అన్నా, చవగ్గా దొరికిందని.

చేదు కాకరకాయ
అది 2జీ. జియో సిమ్ వేస్తే అస్సలు పనిచేయదు, జియోకి 2జీ లేదు. జడ్జిల్లో ఎవరైనా "2జీ ఇంకెన్నాళ్లు ఉంటుంది?" అని అడిగితే 4జీ మాడ్యూల్‌తో ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్క ఉండాలి. ఆడిటోరియంలో సిగ్నల్ ఉండదు, లైవ్ డెమో నమ్ముకోవద్దు. చెరువు దగ్గర తీసిన వీడియో ఒకటి పెట్టుకో, మోటారు స్విచ్ ఆపగానే ఫోన్ మోగాలి, ఒకటే షాట్‌లో, ఎడిటింగ్ లేకుండా.

కాళ్ళ రాజుగారు
వీడియోకి మా చెరువు దగ్గరికి రా బాబూ. ఆదివారం మేత వేశాక రా, మోటారు నేనే ఆపుతాను. బాక్స్‌కి ఉప్పు గాలి తగలకుండా మూత గట్టిగా ఉండాలి, మా స్టార్టర్లే రెండేళ్లకి తుప్పు పట్టిపోతాయి.

గునుపూడి కుర్రోడు
తప్పకుండా వస్తాం అండీ. అక్కడ ఏ సిమ్‌కి సిగ్నల్ ఉంటుంది?

కాళ్ళ రాజుగారు
ఎయిర్‌టెల్ వస్తుంది, షెడ్డు దగ్గర. గట్టు చివరికి వెళ్తే అదీ ఉండదు, బాక్స్ ఎక్కడ పెట్టాలో చూసుకుని మరీ రండి.